హైదరాబాదులో గొలుసు దొంగతనాలు

గొలుసు దొంగతనం అనగా వీధిలో నడుస్తున్న, ఇంటి ముందు నిలుచున్న లేదా వాహనంపై వెళుతున్న వ్యక్తి మెడలోని గొలుసును హఠాత్తుగా లాగుకొని పారిపోయే వీధి నేరము. దీనినే గొలుసు చోరీ అనియు, వాడుకలో చైన్ స్నాచింగ్ అనియు అంటారు. దీనికి గురయ్యేవారిలో అత్యధికులు స్త్రీలు, వారిలోనూ వయసు మళ్ళినవారు. మంగళసూత్రపు గొలుసును తెలంగాణలో పుస్తెలతాడు అంటారు. వార్తాపత్రికలలో ఈ నేరం తరచుగా "పుస్తెలతాడు అపహరణ" అనే మాటతో కనిపిస్తుంది. హైదరాబాదు నగరంలో ప్రజలను ఎక్కువగా భయపెట్టే వీధి నేరాలలో ఇది ఒకటి. ఈ వ్యాసంలో నేరం జరిగే తీరు, సంబంధించిన చట్టాలు, పోలీసు ఏర్పాట్లు, నగరవాసులు తీసుకొనదగిన జాగ్రత్తలు వివరించబడినవి. ఉదాహరణలకు నగర మధ్యభాగంలోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ ప్రాంతాలు తీసుకొనబడినవి. ఇక్కడ చెప్పిన పద్ధతులు, జాగ్రత్తలు నగరంలోని ఇతర ప్రాంతాలకు కూడా వర్తిస్తాయి.

## ప్రాంత పరిచయం

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ ఒకదానినొకటి ఆనుకొని ఉన్న పాత నివాస ప్రాంతాలు. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం, త్యాగరాయ గానసభ, వేంకటేశ్వరస్వామి ఆలయం ఉన్నాయి. ప్రక్కనే ఉన్న ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్ సంధ్య, దేవి, సుదర్శన్ వంటి సినిమా థియేటర్లకు ప్రసిద్ధి. అశోక్ నగర్ గ్రూప్స్, సివిల్స్ వంటి పోటీ పరీక్షల శిక్షణా కేంద్రాలకు, వాటిని ఆశ్రయించుకొని వెలసిన హాస్టళ్ళకు పేరుపొందినది. వివిధ జిల్లాల నుండి వచ్చిన వేలాది అభ్యర్థులు ఇక్కడ గదులు అద్దెకు తీసుకొని చదువుకుంటారు.

నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు 1928లో స్థాపించిన బాలికల ఉన్నత పాఠశాల, రాజా బహదూర్ వెంకటరామిరెడ్డి మహిళా కళాశాల ఉన్నాయి. వెంకటరామిరెడ్డి 1920 నుండి 1934 వరకు హైదరాబాదు నగర కొత్వాలు, అనగా నేటి పోలీసు కమీషనరుకు సమానమైన అధికారి. నగర శాంతిభద్రతలను చూచిన అధికారి పేరు స్త్రీ విద్యాసంస్థకు ఉండడం ఈ ప్రాంతపు విశేషం.

జె.బి.ఎస్. - ఎం.జి.బి.ఎస్. మెట్రో మార్గం 2020 ఫిబ్రవరి 7న ప్రారంభమైనది. దీనిపై ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ స్టేషన్లు వరుసగా ఉన్నాయి. ఇందిరా పార్కు నుండి అశోక్ నగర్, ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్ మీదుగా వి.ఎస్.టి. కూడలి వరకు నిర్మించిన ఉక్కు వంతెన 2023 ఆగస్టు 19న ప్రారంభించబడినది. దీనికి నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టారు.

పగలంతా రద్దీగా ఉండే ప్రధాన రహదారి, దానికి ఇరువైపులా తెల్లవారుజామున, మధ్యాహ్నం నిర్మానుష్యంగా ఉండే ఇరుకు సందులు, ఉదయం ఆలయానికి వెళ్ళే వృద్ధులు, రాత్రి పొద్దుపోయే వరకు గ్రంథాలయం నుండి, శిక్షణా కేంద్రాల నుండి గదులకు నడిచి వెళ్ళే విద్యార్థులు, రెండవ ఆట ముగిసి బయటకు వచ్చే ప్రేక్షకులు - ఇవన్నీ కొద్దిపాటి విస్తీర్ణంలో ఇక్కడ కనిపిస్తాయి. వీధి నేరాల నుండి రక్షణ గురించి తెలుసుకొనుటకు ఇటువంటి ప్రాంతం తగిన ఉదాహరణ.

## నేరం జరిగే తీరు

సాధారణంగా ఈ నేరంలో ఇద్దరు వ్యక్తులు ఒక మోటారు సైకిలుపై వస్తారు. ఒకడు వాహనం నడుపుతాడు, వెనుక కూర్చున్నవాడు గొలుసు లాగుతాడు. వాహనం తరచుగా అంతకుముందే దొంగిలించినది అయి ఉంటుంది. నంబరు పలక తీసివేయడం, వంచడం లేదా మార్చడం, ముఖానికి మాస్కు గాని హెల్మెట్టు గాని ధరించడం మామూలు. నేరానికి ముందు ఆ వీధిలో ఒకటి రెండుసార్లు తిరిగి చూచుకుంటారు. గొలుసు లాగడానికి పట్టే సమయం కొన్ని క్షణాలు మాత్రమే. బాధితురాలు తేరుకొని కేకవేసే సరికి వాహనం సందు మలుపు తిరిగిపోతుంది.

దొంగలు ఎంచుకునే సందర్భాలు దాదాపు ఒకే విధంగా ఉంటాయి.

* తెల్లవారుజామున వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, వంగి ముగ్గు వేస్తున్నపుడు.
* ఉదయపు నడకలో, లేదా ఆలయానికి ఒంటరిగా వెళ్ళి వస్తున్నపుడు.
* పిల్లలను బడి వద్ద దింపి ఇంటికి తిరిగి వస్తున్నపుడు.
* పెళ్ళిళ్ళకు, పేరంటాలకు నగలు ధరించి వెళుతున్నపుడు. శ్రావణ మాసంలోను, పండుగ రోజులలోను ఈ అవకాశం ఎక్కువ.
* చిరునామా అడిగే నెపంతో, ఇల్లు అద్దెకు ఉన్నదా అని అడిగే నెపంతో, దుకాణంలో మంచినీళ్ళ సీసా గాని సిగరెట్టు గాని కొనే నెపంతో దగ్గరకు వచ్చినపుడు.
* అపార్టుమెంటు సెల్లారులో, లిఫ్టు వద్ద ఒంటరిగా ఉన్నపుడు.

రహదారికి ఎడమవైపున నడిచేవారికి వాహనాలు వెనుక నుండి వస్తాయి. కనుక వెనుక నుండి వచ్చే మోటారు సైకిలు వారికి కనిపించదు. ఈ నేరంలో ఎక్కువ భాగం ఇట్లే జరుగుతుంది.

దొంగిలించిన బంగారాన్ని కరిగించుట సులభం. కరిగించిన తరువాత అది ఎవరి గొలుసో గుర్తుపట్టుట సాధ్యం కాదు. బంగారం ధర పెరిగే కొద్దీ ఒక్క గొలుసుతో వచ్చే మొత్తం కూడా పెరుగుతుంది. దొంగసొత్తును కొనేవారు, కుదువ పెట్టుకునేవారు లేనిదే ఈ నేరం సాగదు. అందుచేతనే దొంగసొత్తు అని తెలిసి కొనుట చట్టప్రకారం వేరొక నేరము.

## బాధితులపై ప్రభావం

గొలుసు దొంగతనాన్ని కేవలం ఆస్తి నష్టంగా చూడరాదు. గట్టి గొలుసు తెగనపుడు మెడకు గాయం అవుతుంది. కొందరు వాహనంతో పాటు కొంతదూరం ఈడ్వబడతారు. ద్విచక్ర వాహనంపై వెనుక కూర్చున్న స్త్రీ గొలుసు లాగినపుడు పట్టు తప్పి క్రిందపడి తలకు దెబ్బ తగిలే ప్రమాదం ఉన్నది. వృద్ధులలో తుంటి ఎముక విరిగితే మరల నడవడానికి నెలలు పట్టవచ్చును.

మంగళసూత్రం విషయంలో నష్టం బంగారం తూకంతో ముగియదు. భర్త జీవించి ఉండగా దానిని తీయరాదన్న నమ్మకం బలంగా ఉన్నందున, అది పోవడాన్ని చాలామంది స్త్రీలు అపశకునంగా భావించి కుంగిపోతారు. "అంత తెల్లవారి బయటకు ఎందుకు వెళ్ళావు" అని ఇంటివారే నిందించుట కూడా కద్దు. ఫలితంగా కొందరు ఉదయపు నడక, ఆలయ దర్శనం మానుకుంటారు, మరికొందరు ఫిర్యాదు చేయడానికే వెనుకాడతారు. నేరం చేసినవాడిదే తప్పు, నగ ధరించినవారిది కాదు అనే విషయం కుటుంబ సభ్యులు గుర్తుంచుకొనవలెను.

## హైదరాబాదులో కొన్ని సంఘటనలు

2014 ఆగస్టులో శంషాబాదు ప్రాంతంలో, అనేక గొలుసు దొంగతనాలలో నిందితుడని పోలీసులు చెప్పిన ఒక వ్యక్తి పోలీసు కాల్పులలో మరణించాడు. 2018 డిసెంబరు చివరివారంలో రాచకొండ కమీషనరేటు పరిధిలోని ఎల్.బి. నగర్, వనస్థలిపురం పరిసరాలలో రెండు రోజులలో వరుసగా పలు గొలుసు దొంగతనాలు జరిగినవి. 2023 జనవరి 7 ఉదయం ఉప్పల్, నాచారం, ఉస్మానియా విశ్వవిద్యాలయం, చిలకలగూడ, రాంగోపాల్ పేట ప్రాంతాలలో సుమారు రెండు గంటల వ్యవధిలో ఆరు చోట్ల గొలుసులు లాగబడినవి. ఒకే రోజున, ఒకే వాహనంపై, వేరువేరు పోలీసు స్టేషన్ల పరిధులను దాటుకుంటూ నేరం చేయుట ఈ వరుస సంఘటనలలో కనిపించే పద్ధతి. ఒక పరిధిలో సమాచారం అందే లోపు దొంగలు మరొక పరిధిలో ఉంటారు. మొదటి బాధితురాలి నుండి సమాచారం ఎంత త్వరగా కంట్రోల్ రూముకు చేరితే తరువాతి నేరాలను ఆపే అవకాశం అంత ఎక్కువ.

## సంబంధిత వీధి నేరాలు

### సెల్ ఫోను లాగుకొనుట
రోడ్డు ప్రక్కన నిలబడి మాట్లాడుతున్నవారి చేతిలోని ఫోను, బస్సు కిటికీ ప్రక్కన కూర్చున్నవారి ఫోను, ఆటోలో అంచున కూర్చున్నవారి ఫోను లాగుకొనిపోవుట నగరంలో ఎక్కువైన నేరం. ఫోనుతో పాటు బ్యాంకు ఖాతా, యు.పి.ఐ. వివరాలు, గుర్తింపు పత్రాలు కూడా దొంగ చేతిలో పడతాయి. 2024 ఏప్రిల్‌లో హైదరాబాదు పోలీసులు పట్టుకున్న ఒక ముఠా, ఇట్లు లాగుకొన్న ఫోన్లను సూడాన్ దేశానికి తరలిస్తున్నట్లు వెల్లడైనది.

### జేబు దొంగతనం
ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్, నారాయణగూడ వంటి కూడళ్ళలో బస్సు ఎక్కే తొక్కిసలాటలో జేబులు, చేతిసంచులు కత్తిరించుట పాత నేరం. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి మహిళలకు ఆర్.టి.సి. బస్సులలో ఉచిత ప్రయాణం అమలులోకి వచ్చిన తరువాత బస్సులలో మహిళల రద్దీ పెరిగినది. రద్దీలో చేతిసంచిని వెనుకకు గాక ముందుకు వేసుకొనుట మంచిది.

### దృష్టి మళ్ళించి దోచుకొనుట
ఇందులో బలప్రయోగం ఉండదు. దారిలో కొన్ని నోట్లు పడవేసి "మీ డబ్బులు పడిపోయినవి" అని చెప్పుట, బట్టలపై మురికి పడిందని చెప్పి కడుగుకొనుటకు నీళ్ళు చూపించుట, బ్యాంకు నుండి డబ్బు తీసుకొని వచ్చేవారిని వెంబడించుట వీరి పద్ధతులు. మరొక పద్ధతిలో దొంగలు పోలీసులమని చెప్పుకుంటారు. ముందు వీధిలో దొంగతనం జరిగిందనో, తనిఖీలు జరుగుతున్నవనో చెప్పి, నగలు తీసి కాగితంలో చుట్టుకొమ్మంటారు. చుట్టడంలో సహాయం చేస్తున్నట్లు నటించి, నగల పొట్లానికి బదులు రాళ్ళ పొట్లం చేతిలో పెట్టి వెళ్ళిపోతారు. వీరికి ముఖ్యంగా వృద్ధ స్త్రీలు లక్ష్యం. నిజమైన పోలీసులు ఎవరినీ వీధిలో నగలు తీసి పొట్లం కట్టుకొమ్మని అడగరు.

### ఏ.టి.ఎం. వద్ద దాడులు
2013 నవంబరు 19న బెంగుళూరులో ఒక బ్యాంకు ఉద్యోగిని ఏ.టి.ఎం. గదిలో ఉండగా ఒక దుండగుడు షట్టరు మూసివేసి కత్తితో తీవ్రంగా గాయపరచాడు. నిందితుడు 2017లో చిత్తూరు జిల్లా మదనపల్లెలో పట్టుబడ్డాడు. 2025 జనవరి 16న కర్ణాటకలోని బీదరులో ఏ.టి.ఎం.లో నింపవలసిన నగదును దోచుకున్న దుండగులు అదే రోజు హైదరాబాదులోని అఫ్జల్ గంజ్ లో కాల్పులు జరిపారు. ఒంటరి ఏ.టి.ఎం. గదుల కంటే కాపలాదారు ఉన్నవి, బ్యాంకు శాఖకు ఆనుకొని ఉన్నవి సురక్షితం.

### వేధింపులు, వెంబడించుట
విద్యార్థినులు అధికంగా ఉండే బస్టాపులు, శిక్షణా కేంద్రాలు, థియేటర్ల వద్ద వెంటపడి వేధించుట మరొక సమస్య. 2012 డిసెంబరు 16 నాటి ఢిల్లీ సంఘటన తరువాత 2013లో నేర చట్టాలను సవరించి, స్త్రీని వెంబడించుటను ప్రత్యేక నేరంగా చేర్చారు. ప్రస్తుతం ఇది భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను క్రిందకు వస్తుంది.

## చట్టం

2024 జూన్ 30 వరకు భారతదేశంలో గొలుసు దొంగతనానికి ప్రత్యేకమైన సెక్షను భారతీయ శిక్షాస్మృతిలో లేదు. పోలీసులు సందర్భాన్ని బట్టి 379 (దొంగతనం), 356 (ఒంటిపై ఉన్న వస్తువును దొంగిలించుటకు బలప్రయోగం), 392 (దోపిడీ) సెక్షన్ల క్రింద కేసు నమోదు చేసేవారు. దొంగతనానికి గరిష్ఠ శిక్ష 3 సంవత్సరాలు, దోపిడీకి 10 సంవత్సరాలు. కనుక ఏ సెక్షను వాడుతారన్నది నిందితునికి, బాధితురాలికి కూడా ముఖ్యమైన విషయంగా ఉండేది. హర్యానా, గుజరాత్ వంటి కొన్ని రాష్ట్రాలు తమ పరిధిలో శిక్షాస్మృతిని సవరించి ప్రత్యేక సెక్షన్లు చేర్చుకున్నవి.

2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఈ నేరాన్ని 304వ సెక్షను మొదటిసారిగా దేశమంతటికీ వర్తించునట్లు నిర్వచించినది. దీని ప్రకారం, దొంగతనం చేయుటకై ఒక వ్యక్తి నుండి చరాస్తిని హఠాత్తుగా, వేగంగా లేదా బలవంతంగా లాగుకొనుట నేరం. దీనికి 3 సంవత్సరాల వరకు జైలుశిక్ష, జరిమానా ఉంటాయి. గొలుసు లాగే క్రమంలో గాయపరచినా, చంపుతామని బెదిరించినా అది దోపిడీ అవుతుంది. దోపిడీకి 309వ సెక్షను ప్రకారం 10 సంవత్సరాల వరకు కఠిన కారాగార శిక్ష విధించవచ్చును. దొంగసొత్తును తెలిసి తీసుకొనుటకు 317వ సెక్షను వర్తిస్తుంది.

### ఆత్మరక్షణ హక్కు
తన శరీరాన్ని, ఆస్తిని, ఇతరుల శరీరాన్ని, ఆస్తిని కాపాడుకొనే హక్కు ప్రతివారికీ ఉన్నది. భారతీయ న్యాయ సంహితలో 34 నుండి 44 వరకు గల సెక్షన్లు దీనిని వివరిస్తాయి (పాత శిక్షాస్మృతిలో 96 నుండి 106 వరకు). అయితే రక్షణకు అవసరమైనంత బలాన్నే వాడవలెను. దాడి ముగిసి, దొంగ పట్టుబడిన తరువాత అతనిని కొట్టుట ఆత్మరక్షణ క్రిందకు రాదు, అది నేరమే అవుతుంది.

తన కళ్ళ ఎదుట బెయిలుకు వీలులేని, పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరం చేసినవానిని సామాన్య పౌరుడు కూడా పట్టుకొనవచ్చును. భారతీయ నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షను ప్రకారం, అట్లు పట్టుకొన్న వ్యక్తిని అనవసర జాప్యం లేకుండా, 6 గంటలలోపు పోలీసులకు అప్పగించవలెను.

## జాగ్రత్తలు

### నడిచేటపుడు
* కాలిబాట లేనిచోట రహదారికి కుడివైపున, వాహనాలకు ఎదురుగా నడువవలెను. వచ్చే వాహనం కంటికి కనిపిస్తుంది.
* గొలుసును చీరకొంగుతో గాని, చున్నీతో గాని కప్పుకొని, వీలైతే రవికకు పిన్నుతో పట్టించి ఉంచవలెను.
* చేతిసంచిని గోడవైపు ఉన్న భుజానికి తగిలించుకొనవలెను.
* ఒకే మోటారు సైకిలు రెండవసారి ఎదురైనచో దగ్గరలోని దుకాణంలోకి గాని, ఆలయంలోకి గాని వెళ్ళి కొంతసేపు ఆగవలెను.
* వాహనంపై ఉన్నవారు చిరునామా అడిగినపుడు దగ్గరకు వెళ్ళక, చేయి అందని దూరం నుండే సమాధానం చెప్పవలెను.
* నడుస్తూ ఫోను చూడరాదు. రెండు చెవులలో ఇయర్ ఫోన్లు పెట్టుకున్నచో వెనుక నుండి వచ్చే వాహనపు చప్పుడు వినిపించదు.

### ఇంటి వద్ద
* ముగ్గు వేసేటపుడు ఇంటివారిలో మరొకరు గుమ్మం వద్ద ఉండుట మంచిది. వీధికి వీపు చేసి గాక, వీధివైపు ముఖం ఉండేటట్లు కూర్చొనవలెను.
* ఇల్లు అద్దెకు చూడడానికి వచ్చేవారిని ఒంటరిగా లోపలికి తీసుకొని వెళ్ళరాదు.
* గేటు వద్ద, సెల్లారులో దీపాలు వెలిగేటట్లు చూచుకొనవలెను.

### విద్యార్థులు, హాస్టళ్ళలో ఉండేవారు
* రాత్రిపూట గ్రంథాలయం నుండి, చదువు గదుల నుండి ఇద్దరు ముగ్గురు కలిసి బయలుదేరవలెను. దగ్గరి దారి అని చీకటి సందులో వెళ్ళుట కంటే దుకాణాలు తెరచి ఉన్న ప్రధాన రహదారిపై నాలుగు అడుగులు ఎక్కువ నడుచుట మేలు.
* స్నానానికి వెళ్ళేటపుడు, తెల్లవారుజామున నిద్రలో ఉన్నపుడు గది తలుపు తెరచి ఉంచరాదు. హాస్టళ్ళలో ల్యాప్ టాప్, ఫోను దొంగతనాలు ఎక్కువగా తెరచిన తలుపుల నుండే జరుగుతాయి.
* ఫోనుకు స్క్రీన్ లాకు, సిమ్ కార్డుకు పిన్ పెట్టుకొనవలెను. ఫోనులో *#06# నొక్కితే వచ్చే 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్యను వేరొకచోట వ్రాసి ఉంచుకొనవలెను.
* ధృవపత్రాల అసలు ప్రతులను నిత్యం సంచిలో మోయరాదు.

### ఆటోలలో, క్యాబులలో
* ఎక్కే ముందు వాహనం నంబరును చూచి, ఇంటివారికో స్నేహితులకో పంపవలెను. ఈ పని డ్రైవరుకు తెలిసేటట్లు చేయుట ఇంకా మంచిది.
* అప్పటికే అపరిచితులు కూర్చొని ఉన్న ఆటోను రాత్రివేళ ఎక్కరాదు.
* దారి మారినట్లు అనుమానం కలిగితే రద్దీ ఉన్న కూడలిలో దిగిపోవలెను.

### జనసమూహాలలో
కొత్త సినిమాల విడుదల రోజున థియేటర్ల వద్ద జేబు దొంగతనాలకే గాక తొక్కిసలాటకు కూడా అవకాశం ఉన్నది. 2024 డిసెంబరు 4 రాత్రి ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్ లోని సంధ్య థియేటరు వద్ద, పుష్ప 2 చిత్ర ప్రదర్శన సందర్భంగా జరిగిన తొక్కిసలాటలో ఒక మహిళ మరణించినది, ఆమె కుమారుడు తీవ్రంగా గాయపడ్డాడు. పిల్లలతో, వృద్ధులతో ఇటువంటి జనసమూహాలలోకి వెళ్ళకుండుట మంచిది. వెళ్ళినచో బయటకు పోవు దారి ఎటు ఉన్నదో ముందే చూచుకొనవలెను.

## దాడి జరిగినపుడు

గొలుసు లాగుతున్నపుడు దానిని గట్టిగా పట్టుకొని పెనుగులాడుట సహజమైన స్పందన. కాని వాహనం కదులుతున్నపుడు అట్లు చేయుట వలన క్రిందపడి తీవ్రంగా గాయపడవచ్చును. దుండగుని చేతిలో కత్తి ఉన్నపుడు వస్తువును వదలివేయుటే క్షేమం. బంగారాన్ని మరల సంపాదించుకొనవచ్చును.

కేక వేయవలెను. "దొంగ దొంగ" అని బిగ్గరగా అరచుట వలన ముందు ఉన్నవారు అప్రమత్తులవుతారు. ఆ క్షణంలో గుర్తుంచుకొనదగినవి మూడు: వాహనం రంగు, రకం, నంబరులో చివరి అంకెలైనా, పారిపోయిన దిక్కు. దుస్తుల రంగు, హెల్మెట్టు రంగు కూడా సీసీ కెమెరాల చిత్రాలను పరిశీలించుటకు ఉపయోగపడతాయి.

దొంగ ఒంటరిగా, కాలినడకన ఉండి, వస్తువు కొరకు గాక మనిషిపైనే దాడికి దిగినపుడు పరిస్థితి వేరు. అప్పుడు తప్పించుకొనుటే లక్ష్యం కావలెను. కళ్ళు, ముక్కు, మోకాలు, మర్మస్థానాలు దెబ్బకు లొంగే భాగాలు. ఒక దెబ్బ కొట్టి ఆగక, దొరికిన సందులో జనం ఉన్నవైపు పరుగెత్తవలెను. మిరియాల స్ప్రే దగ్గర ఉంచుకొనుట చట్టవిరుద్ధం కాదు. అయితే అది సంచి అడుగున గాక చేతికి అందేచోట ఉండవలెను, గాలికి ఎదురుగా కొట్టరాదు. చూస్తున్నవారు వెంటనే 100కు ఫోను చేయుట, గాయపడినవారి వద్ద ఆగుట ముఖ్యం.

## ఫిర్యాదు చేయు విధానం

సంఘటన జరిగిన వెంటనే 100 లేదా జాతీయ అత్యవసర సంఖ్య 112కు ఫోను చేయవలెను. ముందు ఇంటికి వెళ్ళి ఆలోచించుకొని తరువాత చెప్పుట వలన విలువైన సమయం పోతుంది.

చిక్కడపల్లి, నారాయణగూడలలో వాటి పేర్లతో పోలీసు స్టేషన్లు ఉన్నాయి. పాత ప్రాంతాలలో ఒక వీధి ఒక స్టేషను పరిధిలో, ప్రక్క వీధి మరొక స్టేషను పరిధిలో ఉండుట సాధారణం. భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు చేయవచ్చును. దీనినే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కూడా సమాచారం ఇవ్వవచ్చును. అట్లు ఇచ్చినచో 3 రోజులలో సంతకం చేయవలెను. ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని ఫిర్యాదుదారునికి ఉచితంగా ఇవ్వవలెను. కేసు నమోదుకు నిరాకరించినచో పై అధికారికి వ్రాతపూర్వకంగా తెలుపవచ్చును, ఆ తరువాత మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చును.

దర్యాప్తులో సాక్ష్యం చెప్పుటకు స్త్రీలను, 60 సంవత్సరాలు పైబడినవారిని వారి నివాసానికి కాక వేరొక చోటికి రావలసినదిగా పోలీసులు ఒత్తిడి చేయరాదు. ఇది 179వ సెక్షనులో ఉన్నది.

నగ కొన్న రసీదు, నగ ధరించిన ఫొటోలు ఉంటే, దొరికిన సొత్తును తమదిగా గుర్తించుటకు ఉపయోగపడతాయి. దొరికిన సొత్తు కోర్టు ద్వారా, పూచీకత్తుపై యజమానికి తిరిగి ఇవ్వబడుతుంది.

ఫోను పోయినచో మొదట సిమ్ కార్డును, యు.పి.ఐ., బ్యాంకు సేవలను నిలిపివేయవలెను. తరువాత ఫిర్యాదు సంఖ్యతో కేంద్ర ప్రభుత్వపు సి.ఇ.ఐ.ఆర్. పోర్టలులో ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య నమోదు చేసి ఫోనును పనిచేయకుండా చేయవచ్చును. ఈ పోర్టలు 2023 మే నెలలో దేశమంతటికీ విస్తరించబడినది.

## అత్యవసర ఫోను సంఖ్యలు

* పోలీసు - 100
* అన్ని అత్యవసర సేవలు - 112
* అంబులెన్సు - 108
* మహిళా సహాయ కేంద్రం - 181
* ఆన్ లైన్ ఆర్థిక మోసాలు - 1930

## పోలీసు ఏర్పాట్లు

2013లో ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ శాసనసభ ప్రజాభద్రతా చట్టాన్ని ఆమోదించినది. జనం ఎక్కువగా వచ్చే దుకాణాలు, విద్యాసంస్థలు, ఆసుపత్రులు, ప్రార్థనాలయాలు తదితర సంస్థలు సీసీ కెమెరాలు అమర్చుకొనవలెనని ఈ చట్టం నిర్దేశించినది. తెలంగాణ ఏర్పడిన తరువాత "నేను సైతం" పేరుతో కాలనీవాసులు, వర్తకులు స్వంత ఖర్చుతో కెమెరాలు అమర్చుకొనుటను పోలీసులు ప్రోత్సహించారు. బంజారా హిల్స్ లోని సమగ్ర కమాండ్ కంట్రోల్ కేంద్రం 2022 ఆగస్టు 4న ప్రారంభించబడినది.

మహిళలను వేధించేవారిని మఫ్టీలో ఉండి పట్టుకొనుటకు షీ టీములు 2014 అక్టోబరు 24న హైదరాబాదులో ప్రారంభమైనవి. ఆ తరువాత రాష్ట్రమంతటా విస్తరించినవి. హింసకు గురైన స్త్రీలకు, పిల్లలకు వైద్య, న్యాయ సహాయాలను ఒకేచోట అందించే భరోసా కేంద్రం 2016లో నగరంలో ఏర్పడినది. ఒంటరిగా ప్రయాణించే మహిళల వాహనాన్ని గమనిస్తూ ఉండే టీ-సేఫ్ సేవ 2024 మార్చిలో ప్రారంభమైనది.

## విమర్శలు

గొలుసు దొంగతనాలలో పట్టుబడిన కొందరిపై 1986 నాటి ముందస్తు నిర్బంధ చట్టాన్ని (పి.డి. యాక్టు) ప్రయోగించారు. ఈ చట్టం క్రింద విచారణ లేకుండానే నెలల తరబడి నిర్బంధించవచ్చును. తెలంగాణలో ఈ చట్టాన్ని యాంత్రికంగా వాడుతున్నారని సుప్రీంకోర్టు 2022, 2023 తీర్పులలో విమర్శించినది. 2024 మార్చిలో, స్త్రీల మెడలోని బంగారు గొలుసుల అపహరణ కేసులలో నిందితుడైన వ్యక్తి నిర్బంధ ఉత్తర్వును కూడా కోర్టు రద్దు చేసినది. ఇటువంటి నేరాలు శాంతిభద్రతల సమస్య అయినంత మాత్రాన ప్రజాజీవన వ్యవస్థకు భంగం కలిగించినట్లు కాదనేది ఈ తీర్పులలోని ముఖ్యాంశం. పదే పదే నేరం చేసేవారు బెయిలుపై బయటకు వచ్చి మరల అదే పని చేస్తున్నారన్నది పోలీసుల వాదన.

కెమెరాల ద్వారా ముఖాలను గుర్తించే సాంకేతికతను చట్టపు ఆధారం లేకుండా వాడుతున్నారంటూ ఒక సామాజిక కార్యకర్త తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం వేయగా, 2022 జనవరిలో న్యాయస్థానం ప్రభుత్వానికి నోటీసులు జారీ చేసినది.

జాగ్రత్తల ప్రచారంపై కూడా విమర్శ ఉన్నది. నగలు ధరించవద్దు, చీకటిపడ్డాక తిరగవద్దు అనే సలహాలు భారాన్ని బాధితులపైనే మోపుతాయని మహిళా సంఘాలవారు అంటారు. వీధిదీపాలు వెలుగుట, కాలిబాటలు ఆక్రమణలకు గురికాకుండుట, రాత్రివేళ బస్సులు నడుచుట, పోలీసులు గస్తీ తిరుగుట కూడా భద్రతలో భాగమే. మెట్రో స్టేషను నుండి ఇంటి వరకు గల చివరి అర కిలోమీటరు వెలుతురుతో ఉన్నపుడే ప్రజా రవాణా వలన పూర్తి ప్రయోజనం కలుగుతుంది.

## ఇతర ప్రాంతాలలో

ఈ నేరం హైదరాబాదుకు పరిమితమైనది కాదు. ఢిల్లీలో దీనిని ఝపట్‌మారీ అంటారు. ఇటలీలో స్కూటరుపై వచ్చి చేతిసంచులు లాగుకొనుటకు షిప్పో అనే ప్రత్యేక పదం ఉన్నది, ఆ దేశపు శిక్షాస్మృతిలో దీనికి వేరుగా నిబంధన కూడా ఉన్నది. లండను నగరంలో మోపెడ్లు, ఎలక్ట్రిక్ సైకిళ్ళపై వచ్చి ఫోన్లు లాగుకొనుట పెద్ద సమస్యగా మారినది. ఇరుకు వీధులు, చిన్న వాహనాలు, సులభంగా అమ్ముడుపోయే వస్తువులు - ఈ మూడు కలిసిన నగరాలన్నింటిలో ఈ నేరం ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది.

## ఇవి కూడా చూడండి

* చిక్కడపల్లి
* నారాయణగూడ
* అశోక్ నగర్ (హైదరాబాదు)
* షీ టీమ్స్
* భారతీయ న్యాయ సంహిత
* రాజా బహదూర్ వెంకటరామిరెడ్డి